బ్రతుకుతెరువు బాటలో బాల్యం: వలస కుటుంబాల పిల్లల సంక్షేమం

2011 జనగణన ప్రకారం మన దేశంలో 83 కోట్ల మంది, అనగా జనాభాలో దాదాపు 69 శాతం, గ్రామాలలో నివసిస్తున్నారు. పది నుండి పందొమ్మిది సంవత్సరాల వయసు గల బాలబాలికల సంఖ్యే 25 కోట్లకు పైబడినది. వీరిలో అధిక సంఖ్యాకులు గ్రామీణులే. గ్రామీణ బాలల సంక్షేమం అనగానే మన మనసులో మెదిలే చిత్రం సాధారణంగా ఒక్కటే. ఒక ఊరు, ఆ ఊరిలో ఒక ఇల్లు, ఇంటికి చేరువలో ఒక అంగన్‌వాడీ, దానిని దాటితే ఒక బడి. 1974లో ప్రకటితమైన జాతీయ బాలల విధానం గాని, 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం గాని ఈ చిత్రాన్ని ఆధారం చేసుకొనే రూపొందినవి. ఆ పథకాల వలన కోట్లాది పిల్లలకు మేలు జరిగినమాట నిజం.

అయితే ఏటా ఆరేడు నెలలపాటు ఇంటికి తాళం వేసి, పిల్లాపాపలతో పరాయి ప్రాంతానికి తరలిపోయే కుటుంబాలు కూడా మన గ్రామాలలో లక్షల సంఖ్యలో ఉన్నవి. వీరి పిల్లలకు ఊరు ఒకటి కాదు, రెండు. ఒక ఊరిలో పేరు ఉంటుంది, మనిషి ఉండడు. రెండవ ఊరిలో మనిషి ఉంటాడు, పేరు ఉండదు. ఈ పిల్లల ఆరోగ్యం, చదువు, కుటుంబ జీవనం ఏ విధంగా నడుస్తున్నవి? వారికి అందవలసిన సేవలు ఎక్కడ తెగిపోతున్నవి? తిరిగి ముడివేయడానికి మార్గమేమి? ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్నలు ఇవి.

పేర్లు వేరు, బాట ఒకటే

పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడా, కలహండి, బర్గఢ్ జిల్లాలలో భాద్రపద శుద్ధ పంచమి నాడు, అనగా వినాయక చవితి మరునాడు, నువాఖాయి పండుగ జరుగుతుంది. కొత్త ధాన్యాన్ని దేవతకు నివేదించి, ఇంటిల్లిపాదీ కలిసి భుజించి, పిన్నలు పెద్దల ఆశీస్సులు పొందే పండుగ ఇది. దూరాన ఉన్నవారు సైతం ఆనాటికి ఇల్లు చేరాలని ఆశిస్తారు. పండుగ దాటిన కొద్ది వారాలకు సర్దార్లు అనబడే కూలీల దళారులు ఊళ్ళలో తిరగడం మొదలవుతుంది. వారు ముందుగా ఇచ్చే సొమ్మును అక్కడ ‘దాదన్’ అంటారు. ఆ సొమ్ము పుచ్చుకొన్న కుటుంబాలు కార్తీక, మార్గశిర మాసాలలో కాంటాబాంజీ వంటి స్టేషన్లలో రైలెక్కి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాలలోని ఇటుక బట్టీలకు చేరుకొంటాయి. తొలకరి పడేవరకు తిరుగు ప్రయాణం ఉండదు.

మహారాష్ట్రలోని మరాఠ్వాడా ప్రాంతంలో, ముఖ్యంగా బీడ్ జిల్లాలో, ఇదే సొమ్మును ‘ఉచల్’ అంటారు. అక్కడి కుటుంబాలు చెరకు కోతకై పశ్చిమ మహారాష్ట్రకు, కర్ణాటకకు వెడతాయి. మన పాలమూరు జిల్లాలో గుంపు మేస్త్రీ ఇచ్చే బయానా కూడా ఈ కోవలోనిదే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో ఆనకట్టల, కాలువల మట్టిపని పాలమూరు కూలీల చేతులమీదుగా సాగినది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగాన కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల ప్రజలు మిరప కోతకు, ప్రత్తి తీతకు గుంటూరు వైపు పోవడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. సుగ్గి అంటే కన్నడంలో పంటకోతల కాలం. సొంత పొలంలో పంట లేనివారు ఇతరుల పంట కోతకు పోతూ ఆ సంబరపు పేరునే వాడుకొంటున్నారు.

హిందీ పత్రికలలో ఈ కదలికకు ‘పలాయన్’ అనే మాట ప్రచారంలో ఉన్నది. హిందీ రచనలను తెలుగు చేసే ఈ వ్యాసకర్తకు ఆ మాట తరచు ఎదురవుతుంది. దానిని ఉన్నదున్నట్లు ‘పలాయనం’ అని వ్రాస్తే తెలుగు పాఠకునకు పారిపోవడం అనే అర్థం తోస్తుంది. అందుచేత ‘వలస’ అని వ్రాయవలసి వస్తుంది. ఈ కుటుంబాల విషయంలో రెండు మాటలూ సగమే సరిపోతాయి. కరవు నుండి, అప్పు నుండి వారు తప్పించుకొనజూస్తున్న మాట నిజం. అయినా వారు ఊరు విడిచిపెట్టిన వారు కారు. ఏటా తిరిగి వస్తారు, ఇంటి తాళం తీస్తారు, పొలం దున్నుతారు. 2016-17 ఆర్థిక సర్వే అంచనా ప్రకారం 2011-16 నడుమ సాలీనా దాదాపు 90 లక్షల మంది పని నిమిత్తం రాష్ట్రాల సరిహద్దులు దాటారు. రాష్ట్రం లోపలనే జిల్లా నుండి జిల్లాకు పోయి వచ్చే సుగ్గి కుటుంబాల వంటివి ఈ అంచనాలో చేరవు.

ఇటుకల లెక్క, కుటుంబం లెక్క

విషయం స్పష్టం కావడానికి బలాంగీర్ ప్రాంతపు కుటుంబాన్ని ఒకదానిని ఊహించుకొందాం. భర్త, భార్య, పదమూడేళ్ళ కుమార్తె, తొమ్మిదేళ్ళ కుమారుడు, సెప్టెంబరులో పుట్టిన పసిబిడ్డ. ఊరిలో వృద్ధురాలైన నాయనమ్మ. ఇది ఊహా కుటుంబమే అయినా, వీరికి ఎదురయ్యే పరిస్థితులలో ఊహ ఏమీ లేదు.

ఇటుక బట్టీలో కూలి రోజు లెక్కన కాక వేయి ఇటుకల లెక్కన కట్టబడుతుంది. అందుకొరకు దళారి మనుషులను ఒక్కొక్కరుగా కుదుర్చుకొనడు. ఇద్దరు పెద్దలు, ఒకరిద్దరు పిల్లలు కలిసిన జట్టును కుదుర్చుకొంటాడు. పశ్చిమ ఒడిశాలో దీనిని ‘పథురియా’ అంటారు. తండ్రి మట్టి కలిపి సిద్ధం చేస్తాడు, తల్లి అచ్చు పోస్తుంది, పిల్లలు ఆరిన పచ్చి ఇటుకలను ఒకవైపు నుండి మరొకవైపుకు తిప్పి పేరుస్తారు. ఎండ ముదరక మునుపే పని ముగించుకొనవలసి ఉన్నందున తెల్లవారక ముందే పని ఆరంభమవుతుంది. నివాసం బట్టీ పక్కనే, ఇటుకలనే పేర్చి కట్టుకొన్న, నిలువెత్తు నిలువరాని గుడిసెలో.

ఇక్కడ గమనింపదగిన ముఖ్య విషయం ఒకటి కలదు. బాలుడు ఇటుక తిప్పడం ఎవరో విధించిన ప్రత్యేకమైన పని కాదు. అది కూలి కట్టే పద్ధతిలోనే ఇమిడి ఉన్నది. తిప్పే చేయి ఒకటి తగ్గితే ఇటుకల సంఖ్య తగ్గుతుంది, సంఖ్య తగ్గితే దాదన్ తీరదు, దాదన్ తీరనిదే తిరుగు ప్రయాణం లేదు. బట్టీ లెక్కల పుస్తకంలో సాధారణంగా ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంటుంది. తల్లి పేరు గాని, పిల్లల పేర్లు గాని అందులో కనిపించవు. కనుకనే, పిల్లలు పని చేయడం లేదని యజమాని చెప్పగలడు. మా పిల్లలు మాకు తోడుంటున్నారని తల్లిదండ్రులూ చెప్పగలరు. 1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ వృత్తిలోనూ పనికి పెట్టరాదని శాసించినది. బడి వేళలు ముగిసిన తరువాత సొంత కుటుంబ వ్యాపకంలో సాయపడడానికి మాత్రం వీలు ఇచ్చినది. పరుని బట్టీ కుటుంబ వ్యాపకం కాదన్నది స్పష్టమే. అయినా జట్టు కూలి పద్ధతి ఉన్నంతకాలం ఈ స్పష్టత కాగితం దాటి రావడం కష్టం.

ఉయ్యాల వయసు

ఈ కుటుంబంలో అందరికంటె చిన్నవానితో ప్రారంభిద్దాం. సెప్టెంబరు నడుమ పుట్టిన బిడ్డకు ఆరు, పది, పధ్నాలుగు వారాలకు టీకాలు పడాలి. అనగా అక్టోబరు చివర, నవంబరు చివర, డిసెంబరు చివర. సరిగ్గా ఈ వారాలలోనే కుటుంబం రైలెక్కుతుంది. తొమ్మిదవ నెలలో వేయవలసిన తట్టు టీకా వేళకు, అనగా జూను నడిమికి, వారు తిరిగి ఊరు చేరి ఉండవచ్చు, చేరకపోవచ్చు. ఊరి ఆరోగ్య కార్యకర్త వద్ద బిడ్డ పేరు ఉన్నది గాని బిడ్డ లేడు. బట్టీ ఉన్న ఊరి కార్యకర్తకు ఈ బిడ్డ ఉన్నట్లే తెలియదు.

మొదటి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ అవసరం లేదని వైద్యశాస్త్రం నొక్కి చెబుతున్నది. తల్లి అచ్చు వద్ద కూర్చొన్న గంటలలో బిడ్డ గుడిసెలో అక్క ఒడిలో ఉంటాడు. ఏడ్చినప్పుడల్లా పాలివ్వడానికి లేచిపోవడం ఇటుకల లెక్కకు నష్టం. ఆరు నెలల పిమ్మట మెత్తని ఆహారం రోజుకు అనేక పర్యాయాలు పెట్టవలసి ఉండగా, పెద్దలు తినే అన్నమే పెద్దలు తినే వేళలకు పెట్టడం జరుగుతుంది. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఐదేళ్ళ లోపు పిల్లలలో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. గ్రామాలలో ఇది 37.3 శాతం. ఏటా సగం సంవత్సరం అంగన్‌వాడీకి దూరమయ్యే పిల్లల స్థితి ఈ సగటు కంటె మెరుగుగా ఉండగలదని ఆశించలేము.

పని జరిగే చోటనే శిశుగృహం ఉండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1969లో మీరా మహాదేవన్ ఢిల్లీలో భవన నిర్మాణ కూలీల పిల్లల కొరకు ‘మొబైల్ క్రెషెస్’ సంస్థను ప్రారంభించారు. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం యాభైమందికి పైబడి స్త్రీలు పనిచేసే చోట శిశుగృహం ఉండాలని విధించినది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసినది. పని స్థలానికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు లేక అంతకు మించి వచ్చినపుడు, కూలీ స్త్రీలలో ఒకరిని వారి సంరక్షణకు నియమించి, ఆమెకు కూడా కూలి చెల్లించాలని నిర్దేశించినది. పెద్ద భవనం అక్కరలేదు, ప్రత్యేక సిబ్బంది అక్కరలేదు. ఒక నీడ, ఒక నీళ్ళ కుండ, నమ్మకమైన ఒక స్త్రీ, ఆమెకొక కూలి. ఇటుక బట్టీలకు అనువైన పద్ధతి ఇది. అయితే లెక్కల పుస్తకంలో పేరు లేని తల్లికి శిశుగృహం అడిగే హక్కు కూడా పుస్తకంలో లేనట్లే. ముందుగా ఆమె పేరు అందులోకి ఎక్కాలి.

బడి వయసు

తొమ్మిదేళ్ళ బాలుని సంగతి చూద్దాం. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాల ఏడాదికి 200 రోజులు నడవాలి. నవంబరులో ఊరు విడిచిన బాలుడు వాటిలో సగానికి పైగా కోల్పోతాడు. జూనులో తిరిగి వచ్చేసరికి తోటివారు పై తరగతిలో ఉంటారు. రెండు మూడేండ్లు ఈ విధంగా గడిస్తే బడి అతనిని మరచిపోకముందే అతడు బడిని మరచిపోతాడు.

ఇదే చట్టం వలస కుటుంబాల పిల్లలకు ప్రవేశం కల్పించే బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచినది. వయసుకు తగిన తరగతిలో చేర్చుకొనాలని, వెనుకబడిన పాఠాలకై ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చెప్పినది. బదిలీ పత్రం లేదన్న కారణంగా ప్రవేశం నిరాకరించరాదని కూడా చెప్పినది. అనగా పెద్దపల్లిలో గాని, సంగారెడ్డిలో గాని బట్టీకి దగ్గరనున్న ప్రభుత్వ పాఠశాల తలుపు ఈ బాలునికి తెరచియే ఉన్నది. తలుపు దాటిన తరువాత ఎదురయ్యేది భాష.

ఇంటిలో ఈ బాలుడు మాట్లాడేది సంబల్‌పురీ. ఊరి బడిలో నేర్చుకొన్న లిపి ఒడియా. తెలంగాణ బడిలో బోర్డుపై కనిపించేది తెలుగు. ఆరు నెలల తరువాత తిరిగి ఒడియా. మాతృభాషలో ప్రాథమిక విద్య అందించడానికి ప్రతి రాష్ట్రం ప్రయత్నించాలని 1956లో చేర్చబడిన రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. ఈ ఆదేశాన్ని వలస బాలల విషయంలో ఆచరణలో పెట్టిన సందర్భాలు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోను, ఆ తరువాత తెలంగాణలోను ఒడిశా నుండి పాఠ్యపుస్తకాలు తెప్పించి, ఒడియా తెలిసిన యువకులను విద్యా వలంటీర్లుగా నియమించి, బట్టీల వద్దనే ఒడియా మాధ్యమంలో తరగతులు నడిపారు. కేరళలోని ఎర్నాకులం జిల్లాలో 2017లో ‘రోష్ని’ పేరిట ప్రారంభమైన కార్యక్రమం మరొక మార్గం చూపినది. అక్కడ పిల్లలు స్థానిక పాఠశాలలోనే కూర్చొంటారు. వారి భాష తెలిసిన వలంటీరు ఆ భాష నుండి మలయాళానికి వారిని మెల్లగా నడిపిస్తారు.

ఈ రెండు మార్గాలలో ఏది మేలు? ఆరు నెలలకే వచ్చి పోయే పిల్లలకు తమ పుస్తకం తమతో రావడమే మేలు. తిరిగి వెళ్ళిన తరువాత అదే తరగతిలో కూర్చొనవచ్చును. ఏండ్ల తరబడి నిలిచిపోయే కుటుంబాల పిల్లలకు స్థానిక భాషలోకి వంతెన అవసరం. పిల్లల భాషాశక్తిని తక్కువగా అంచనా వేయడం కూడా పొరపాటే. అంగడిలో, ఆసుపత్రిలో తల్లిదండ్రులకు దుబాసీగా నిలబడేది తరచు ఇటువంటి పిల్లలే. ఇరుగుపొరుగు పిల్లలతో ఆడుకొంటూ కొద్ది నెలలలోనే వారు వాడుక తెలుగు పట్టుకొంటారు. అనువాదం వృత్తిగా గలవారికి ఏండ్ల సాధన మీద అలవడే నేర్పు ఇది. ఇంతటి నేర్పు గల బాలుడు రెండు లిపులలో దేనిలోనూ తన పేరు వ్రాయలేకపోవడం బాధ కలిగించే విషయం.

కౌమారం

పదమూడేళ్ళ కుమార్తె స్థితి వీరందరికంటె చిక్కైనది. ఆమె పని ఏ లెక్కలోనూ లేదు. ఇటుక తిప్పదు గనుక ఆమె కూలి కాదు. ఇంటిలో ఉంటుంది గనుక ఆమె విద్యార్థిని కాదు. వంట, నీళ్ళు, తమ్ముని సంరక్షణ ఆమెవే. తల్లి అచ్చు ముందు కూర్చొనగలుగుతున్నది కుమార్తె గుడిసెలో ఉన్నందువల్లనే. బట్టీ వద్ద బడి పెట్టినా తమ్ముడు పోగలడు గాని ఆమె పోలేదు. పోతే పసివానిని ఎవరు చూస్తారు? అందుచేత చిన్నవానికి ఉయ్యాల దొరికిననాడే అక్కకు పలక దొరుకుతుంది. శిశుగృహం ఒక శాఖది, పాఠశాల మరొక శాఖది, కూలి మూడవ శాఖది. కుటుంబంలో మాత్రం ఈ మూడూ ఒకే ముడి.

వయసు వచ్చిన బాలికకు తలుపు లేని గుడిసె, మరుగు లేని స్నానం, రాత్రివేళ బయటకు పోవలసిన అవసరం నిత్య భయ హేతువులు. ఋతుకాలపు శుభ్రతకు నీరు, చాటు లభించవు. 2019-21 సర్వేలో 15-19 ఏండ్ల బాలికలలో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. కౌమారంలోని వారికి వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్ర బడిలో గాని, బడికి పోనివారికి అంగన్‌వాడీలో గాని లభిస్తుంది. ఈ బాలిక రెండింటికీ బయటనే ఉన్నది.

తల్లిదండ్రుల భయం తరచు పెండ్లి రూపం దాలుస్తుంది. ఇందుకు బీడ్ జిల్లా చెరకు కోత కుటుంబాలను ఉదాహరణగా చూడవచ్చును. అక్కడ ‘కోయతా’ అంటే కొడవలి. భార్యాభర్తల జంటను కూడా ‘కోయతా’ అనే అంటారు. ముకాదం అనబడే దళారి ఉచల్ ఇచ్చేది జంటకు. ఒంటరి మనిషి సగం కోయతాగా లెక్కకు వస్తాడు. తల్లిదండ్రులు ఆరు నెలలు పొలాలలో ఉండగా ఎదిగిన కూతురిని ఊరిలో ఎవరి అండన విడిచిపెట్టాలి? వెంట తీసుకుపోతే గుడారాలలో ఆమె రక్షణ ఎట్లు? పెండ్లి చేస్తే ఈ రెండు ప్రశ్నలూ ఒక్కసారే తీరుతాయి, కొత్త జంటకు నిండు ఉచల్ కూడా దొరుకుతుంది. ఈ ఆలోచనలో క్రూరత్వం కంటె నిస్సహాయతే ఎక్కువ. దాని ఫలితం మాత్రం బాలిక శరీరంపైన, ఆమె కనబోయే బిడ్డపైన పడుతున్నది. దేశంలో 20-24 ఏండ్ల స్త్రీలలో పద్ధెనిమిదేళ్ళకు ముందే వివాహమైనవారు 23.3 శాతం, గ్రామాలలో 27 శాతం అని అదే సర్వే చెబుతున్నది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం అవసరమే. అయితే పంచాయతీ గోడపై వ్రాసిన నినాదం కంటె, కోత కాలంలో ఆ ఊరిలోనే బాలికలకు భద్రమైన ఒక వసతి గృహం ఎక్కువ పెండ్లిళ్ళను ఆపగలదు.

మగపిల్లల కౌమారాన్ని గురించి మనం తక్కువగా మాట్లాడుకొంటాం. పదునాలుగేండ్లు నిండగానే బాలుడు నిండు కూలీగా లెక్కకు వస్తాడు. తండ్రి తీసుకొన్న బయానాలో అతనికొక వాటా ఏర్పడుతుంది. బడి మానిన పిల్లవాని చేతికి మొదటి కూలి వచ్చిననాడు ఇంటిలో అతని మాటకు విలువ పెరుగుతుంది. ఆ విలువ చదువు ద్వారా ఎన్నడూ లభించనందువలన అతడు వెనుకకు చూడడు.

ఊరిలో మిగిలిన పిల్లలు

పిల్లలను ఊరిలోనే ఉంచి వెళ్ళడం రెండవ మార్గం. పాలమూరు గ్రామాలలో తాత, అవ్వల వద్ద పెరిగిన పిల్లలు తరతరాలుగా ఉన్నారు. వృద్ధుల ప్రేమకు కొరత ఉండదు. కాని చూపు మందగించిన అవ్వకు మనుమడు బడికి పోయినదీ లేనిదీ తెలియకపోవచ్చు, మనుమరాలే అవ్వకు వండిపెట్టవలసి రావచ్చు.

ఈ లోటు తీర్చడానికి సర్వశిక్షా అభియాన్ కాలం నుండి వలస కాలపు వసతి గృహాలు ఏర్పడినవి. ఒడిశాలోను, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలోను ఇటువంటివి నడిచినవి. వీటి పద్ధతి సులభమైనది. పిల్లలు తమ ఊరి బడిలోనే చదువుతారు. రాత్రి అక్కడనే గాని, సమీపంలోని ఒక భవనంలో గాని భుజించి నిద్రిస్తారు. తల్లిదండ్రులు తిరిగి రాగానే ఇంటికి పోతారు. 2004లో ప్రారంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు పై తరగతుల బాలికలకు ఏడాది పొడుగునా ఆశ్రయమిస్తున్నవి. మహారాష్ట్ర ప్రభుత్వం 2021లో చెరకు కోత కూలీల పిల్లల కొరకు సంత్ భగవాన్ బాబా పేరిట వసతి గృహాల పథకాన్ని ప్రకటించినది.

వసతి గృహం మేలైనదే, కాని దానికి రెండు హద్దులు ఉన్నవి. మొదటిది, అది బడి ఈడు పిల్లలకే. పాలు త్రాగే బిడ్డను తల్లి నుండి వేరు చేయరాదు. బిడ్డ తల్లితో పోతే, బిడ్డను చూడడానికి అక్క కూడా పోవలసి వస్తుంది. రెండవది, అది వలస మొదలైన తరువాత తెరుచుకొంటే ప్రయోజనం లేదు. నవంబరులో రైలెక్కే కుటుంబానికి డిసెంబరులో తెరిచే వసతి గృహం ఎందుకు? పైగా ఆరు నెలలు తల్లిదండ్రులను చూడని పిల్లవానికి అన్నం, పడక మాత్రమే చాలవు. వారానికొకసారి తల్లి గొంతు ఫోనులో వినిపించే ఏర్పాటు, జ్వరం వచ్చిననాడు నుదుటిపై చేయి వేసే ఒక మనిషి ఉండాలి. వీటికి ఖర్చు తక్కువ, శ్రద్ధ ఎక్కువ కావాలి.

చేయదగినవి

పై పరిశీలన నుండి తేలే సారాంశం ఇది. బిడ్డను కుటుంబం నుండి విడదీసి చూచే ఏ పథకమైనా సగమే ఫలిస్తుంది. కుటుంబం కదిలినపుడు బిడ్డకు చెందిన సేవలు కూడా కదలాలి. కుటుంబం కదిలినా బిడ్డ ఊరిలో నిలువదలచితే, నిలిచే వీలు ముందుగానే సిద్ధంగా ఉండాలి. ఈ ఎంపిక పేదరికం చేయరాదు, తల్లిదండ్రులు చేయాలి.

ఇది సాధ్యమేనా అంటే, ఆహార ధాన్యం విషయంలో ఇప్పటికే సాధ్యమైనది. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పద్ధతి 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నడుమ, గుజరాత్, మహారాష్ట్రల నడుమ ప్రారంభమై, 2022 నాటికి అన్ని రాష్ట్రాలకు విస్తరించినది. 2021లో ప్రారంభమైన పోషణ్ ట్రాకర్‌లో కూడా తల్లీబిడ్డల నమోదును ఒక అంగన్‌వాడీ నుండి మరొకదానికి మార్చుకొనే సౌకర్యం కలదు. సౌకర్యం ఉన్నదని బట్టీలోని తల్లికి ఎవరో చెప్పాలి. అంగన్‌వాడీ కార్యకర్త ఊరి చివరి బట్టీవరకు నడవాలి.

మొదటి పని పయనానికి ముందు జరగాలి. దసరా నాటికి ప్రతి వలస గ్రామంలో పంచాయతీ, బడి, అంగన్‌వాడీ కలిసి ఏ కుటుంబం ఎక్కడకు పోతున్నది, వెంట ఎందరు పిల్లలు, ఏ తరగతి, ఏ టీకా మిగిలినది అన్న వివరాలు వ్రాసుకొనవచ్చును. ఒక కార్డుపై అవే వివరాలు వ్రాసి తల్లి చేతికి ఇవ్వవచ్చును. మహారాష్ట్రలోని ‘శిక్షణ్ హమీ’ కార్డు ఇటువంటిదే. రెండవ పని చేరిన చోట జరగాలి. బట్టీలు మొదలైన మొదటి నెలలోనే స్థానిక పాఠశాల, ఆరోగ్య కార్యకర్త, కార్మిక శాఖ కలిసి ఒకసారి లెక్క తీయాలి, శిశుగృహం, తరగతి ఒకే చోట, ఒకే రోజున ప్రారంభించాలి. మూడవ పని తిరిగి వచ్చిన తరువాత. వేసవి చివరి వారాలలో వెనుకబడిన పాఠాలు చెప్పి, జూనులో పిల్లలను తమ తరగతిలోనే కూర్చొనబెట్టాలి.

వీటన్నిటికీ మూలం కూలి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం బయానా పేరిట మనిషిని కట్టివేయడాన్ని నిషేధించినది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలోని అంశాలు 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిలో విలీనమైనవి. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. ప్రతి పెద్ద మనిషి పేరు విడిగా వ్రాసి, ఎవరి కూలి వారికి చెల్లించిననాడు జట్టు లెక్కలోని పిల్లవాని చేయి తనంతట తానే తొలగిపోతుంది. చట్టాన్ని అమలు చేసే అధికారులు మొదట తెరిపించవలసినది ఆ లెక్కల పుస్తకాన్నే.

మరొక చిన్న విషయం. 2027 జనగణనకు మార్చి 1వ తేదీ ప్రామాణికంగా నిర్ణయింపబడినది. ఆ రోజులలో బట్టీలు నిండుగా ఉంటాయి, చెరకు కోత ముగిసి ఉండదు, మిరప కళ్ళాలు ఎర్రగా ఉంటాయి. గణకులు ఊరి ఇళ్ళ తాళాలను చూచి తిరిగిపోక, ఊరి చివరి గుడిసెలను కూడా తట్టితేనే ఈ పిల్లలు దేశపు లెక్కలో చేరుతారు.

పాఠకులలో ఉపాధ్యాయులు, పంచాయతీ సభ్యులు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఉండవచ్చును. మీ ఊరి పొలిమేరలో ఒక బట్టీ, ఒక గుడారాల వరుస, ఒక మిరప కళ్ళం ఉండే అవకాశం కలదు. అక్కడి పిల్లల భాష మీకు తెలియకపోవచ్చు. వారిలో ఒకనికి మీ భాష కొంత వచ్చే ఉంటుంది. వాని పేరు, వయసు, చదివిన తరగతి అడగండి. తోబుట్టువులను ఎవరు చూచుకొంటున్నారో కూడా అడగండి. బడికి రాని అక్క సంగతి ఆ సమాధానంలోనే తెలుస్తుంది. ఒడిశా బిడ్డ తెలంగాణ బడిలో, బీడ్ బిడ్డ కొల్హాపూర్ అంగన్‌వాడీలో, కోసిగి బిడ్డ గుంటూరు పల్లెలో పరాయివారుగా కాక ఇంటి బిడ్డలుగా చూడబడిననాడు జాతీయ సమైక్యత అనే మాట ఆ గుడిసెల వరకు చేరినట్లవుతుంది.